చంకయా? చక్రమా?

పెదకాకాని మల్లేశ్వరస్వామి ఆలయమునకు క్రొత్త వాహనములను పూజకు తెచ్చు ఆచారము గుంటూరు ప్రాంతమువారు ఎరిగినదే. లారీలు, ట్రాక్టర్లు, కార్లు, మోటారు సైకిళ్లు పసుపుకుంకుమలు పూయించుకొని, పూలదండలు వేయించుకొని, చక్రముల క్రింద నిమ్మకాయలను చితుకగొట్టి రాజమార్గము పట్టును. ఇన్ని చక్రములకు అర్చన జరుగు ఆ గుడి ముంగిటికి, చంటిబిడ్డను కూర్చుండబెట్టి త్రోయు బండి యొక్కటియు వచ్చినట్లు నా కంటబడలేదు. దానిని వాహనమని మనవారు ఇంకను ఒప్పుకొనలేదు కాబోలు.

ఒప్పుకొన్నను, ఒప్పుకొనకున్నను ఆ బండి మన ప్రాంతమునకు వచ్చినది. గుంటూరు, విజయవాడల నడుమ జాతీయ రహదారి ప్రక్కన మేడలు లేచినవి. ఆ మేడలలో కాపురముండు యువదంపతులలో కొందరి ఇండ్లయందు చంటిబిడ్డయు, పెంపుడు కుక్కయు కలిసి పెరుగుచున్నవి. తెల్లవారగనే కుక్కను త్రిప్పవలెను. బిడ్డకు చల్లగాలి తగులవలెను. రెండు పనులును ఒక్క నడకతో తీరినచో మేలుగదా యని తోచుట సహజము. కాని వీధిలోని సిమెంటు బాట ఎంతోదూరము పోదు. అది ముగిసిన చోట డొంక మొదలగును. డొంక దాటినచో పొలముగట్టు, కాలువకట్ట. కుక్కకు కావలసినది ఆ డొంకయే. అక్కడకు బిడ్డను కొనిపోవుట యెట్లు? బండిలో త్రోయుటయా, గుడ్డతో ఒంటికి కట్టుకొనుటయా? ఆ బండిని ప్రామ్ అనియు, స్ట్రాలర్ అనియు, ఆ గుడ్డను స్లింగ్ అనియు అంగడివారు వ్యవహరించుచున్నారు.

ఇది కలవారి వేడుక ప్రశ్న యని కొందరు చప్పరింతురు. నా కట్లు తోచదు. మెడ నిలువని పసికందు ఊపిరియు, ఎదుగుచున్న తుంటికీలును ఈ ఎంపికలో ఇమిడియున్నవి. పైగా దీనికి కావలసిన తెలివి చాలవరకు మన పొలములలోనే చిరకాలముగ నున్నది. దానిని మనము తెలివి యని పిలువలేదు, అంతే.

మొదట నేలను చూడవలెను. అంగడిలో నున్నని పాలరాతిపై బండి వ్రేలితో తాకినంతనే జరుగును. వర్తకుడు దాని రంగును, మడతపడు సొగసును చూపును గాని నేల సంగతి యెత్తడు. మన నేల రేగడి. తడిసినచో ఉబ్బును, ఎండినచో కుదించుకొని నెర్రెలు విచ్చును. ఆ బంకమట్టి గుణమే అది. వానకాలమున డొంకలో పది యడుగులు వేసినచో చెప్పునకు శేరు మట్టి పట్టును. చిన్న చక్రములు గల బండి అట్టి నేలమీద రెండు విధముల ఓడిపోవును. చక్రము సన్నము గనుక మట్టిలో దిగబడును. దిగబడిన మట్టి చక్రమునకును, దానిని పట్టియుంచు కొమ్మునకును నడుమ చేరి బిగిసిపోవును. అటుపిమ్మట అది చక్రము కాదు, నాగలి. వేసవిలో మరియొక చిక్కు. ట్రాక్టరు గాడులు రాయివలె గట్టిపడి యుండును. చిన్న చక్రము ప్రతి గాడిలోను దిగి లేచును, బిడ్డ తల దానితోపాటు ఊగును.

ఈ సంగతి మన వడ్రంగులకు తెలియనిది కాదు. ఎడ్లబండి చక్రము మనిషి రొమ్ముదాక వచ్చునంత పెద్దదిగ నుండుటకు కారణ మిదియే. పెద్ద చక్రము గాడిని దాటిపోవును, చిన్న చక్రము దానిలో పడును. పిల్లలబండి మాత్రము పుట్టుకనుండియు నున్నని బాటకు చేయబడినది. 1733లో విలియం కెంట్ అను ఇంగ్లీషు ఉద్యానశిల్పి డెవన్‌షైర్ ప్రభువు పిల్లలకొరకు ఆల్చిప్ప యాకారమున ఒక బండి నిర్మించెను. ఏదో చిన్న జంతువును పూన్చి లాగించుట దాని ఏర్పాటు. ప్రభువుగారి తోటలో రేగడి డొంక లేదు. 1965లో ఓవెన్ మెక్లారెన్ గొడుగువలె ముడుచుకొను తేలిక బండిని రూపొందించెను. ఆయన స్పిట్‌ఫైర్ యుద్ధవిమానమునకు క్రింది చక్రముల అమరికను సమకూర్చిన ఇంజనీరు. ఆ బండి పట్టణవాసులకు, రైలెక్కువారికి వరప్రసాదమే గాని డొంకకు పనికిరాదు. 1984లో అమెరికాలో ఫిల్ బేచ్లర్ అను తండ్రి, తన బిడ్డను వెంటబెట్టుకొని పరుగెత్తదలచి, పిల్లలబండికి సైకిలు చక్రములు తగిలించెను. నేడు దొరకు మూడుచక్రముల గట్టి బండ్లకు అదియే మూలము. మన యెడ్లబండి వడ్రంగి చూచియుండినచో, ఇప్పటికి దారికి వచ్చినారని నవ్వియుండును.

కావున బండియే కొనదలచినవారు పెద్ద చక్రముల బండినే కొనవలెను. ముందుచక్రము ఇటునటు తిరుగకుండ బిగించు వీలు దానికి ఉండవలెను. చేతికి తగిలించుకొను వారును, గట్టి బ్రేకును, భుజములను నడుమును తొడలనడుమను కలిపి పట్టు పట్టీలును ఉండవలెను. కాలువకట్ట ఏటవాలున బ్రేకు వేయక నిలుపుట తగదు. ఇట్టి బండ్లు పది కిలోలకు పైబడియే తూగును. మేడమెట్లు దిగువారు ఆ బరువును ముందుగ నెత్తి చూచుకొనవలెను. మరియొక మాట అంగడిలో ఎవ్వరును చెప్పరు. డొంకలో పల్లేరుకాయ యున్నది. దాని ముల్లు సైకిలు టైరునే విడువదు, గాలి నింపిన యీ బండిచక్రమును విడుచునా? ఆపై సర్కారుతుమ్మ. కావున లోపల నురుగురబ్బరు నింపిన చక్రములు మన ప్రాంతమునకు మేలు. కుదుపు కొంచె మెక్కువగును గాని నడిదారిలో నిలిచిపోవు బాధ యుండదు. కూర్చుండుట నేర్వని బిడ్డను కూర్చుండు బండిలో వేయరాదు. వెల్లకిల పరుండబెట్టు వీలున్న బండియే వానికి తగును. బిడ్డ బండిలో నుండగా పరుగెత్తుట ఆరు నెలలు నిండువరకు పనికిరాదు. ఎనిమిది వరకు ఆగుమను వైద్యులును కలరు.

మా యింటికి నాలుగిండ్ల అవతల ఒక దంపతులున్నారు. ఐదు నెలల కొడుకు, బలిసిన లాబ్రడార్ కుక్క. ఒక కార్తికమాసపు ఉదయమున, ముందటి రాత్రి వాన వెలిసిన పిమ్మట, వారు డొంకలోనికి బండి దింపిరి. యాబది గజములు పోవుసరికి నాలుగు చక్రములును తిరుగుట మానినవి. భర్త ముందును, భార్య వెనుకను పట్టి బండిని పల్లకివలె మోసికొని తిరిగి వచ్చుచుండగా, భార్య మణికట్టునకు చుట్టుకొన్న పట్టెడత్రాటిని కుక్క మరియొక వైపునకు లాగుచుండెను. బిడ్డ సుఖముగ నిద్రపోవుచునే యుండెను. మరునాటినుండి భర్త ఆ బిడ్డను గుడ్డతో రొమ్మునకు కట్టుకొని నడువసాగెను. వీధి అరుగులమీద కొన్నాళ్లు నవ్వులు పూచినవి. ఒకనాడు కూలికి పోవుచున్న యొక వృద్ధురాలు ఆతనిని ఆపి, "బాబూ, బిడ్డ కాళ్లు యేలాడతన్నాయి. పిర్రల కింద గుడ్డ పట్టాల" అని, అడుగకయే గుడ్డ అంచును బిడ్డ రెండు మోకాళ్ల మడతలదాక విప్పి సర్ది, తన త్రోవన తాను పోయెను.

ఆమె చెప్పినది వైద్యులు చెప్పునదే. శిశువు పుట్టినపుడు తుంటికీలు గిన్నె పూర్తిగ ఎముక కాదు, చాలవరకు మృదులాస్థి. తొడయెముక తల ఆ గిన్నెలో సరిగ కూర్చున్నచో గిన్నె దానిచుట్టు లోతుగ నెదుగును. కాళ్లను జాపి బిగించినచో తల ప్రక్కకు జారును. జపానులో పసిబిడ్డల కాళ్లను నిటారుగ చాపి గుడ్డలు చుట్టు అలవాటు ఉండెడిది. 1975లో అక్కడి వైద్యులు దానిని మాన్పించుటకు దేశవ్యాప్తముగ ప్రచారము చేసిరి. తుంటికీలు తొలగుట ఆ పిమ్మట మిక్కిలి తగ్గినది. కాళ్లు ఎడముగ, మోకాళ్లు పిరుదులకంటె కొంచె మెత్తుగ, కప్పవలె మడిచియుంచుట క్షేమము. మన తల్లులు బిడ్డను చంకనెత్తుకొను తీరు చూడుడు. బిడ్డ తల్లి నడుమును రెండు కాళ్లతో కరచుకొని కూర్చుండును. చంక అనునది ఆ యాసనమునకు పేరు. దాని లోప మొక్కటే, తల్లికి ఒక చేయి పోవును. ఆ చేతిని విడిపించుటకే గుడ్డ.

గుడ్డను మనము ఎరుగమా? ఎరుకలసాని బిడ్డను వీపున కట్టుకొని ఊరూర సోది చెప్పినది. వేంకటాచల మాహాత్మ్యమున శ్రీనివాసుడు ఎరుకలసాని వేషము దాల్చి ఆకాశరాజు నగరికి పోయిన కథ ప్రసిద్ధము. ఆ వేషమునకు గంప యెంత అవసరమో, కట్టుకొన్న చంటిబిడ్డయు అంత అవసరము. ప్రత్తి తీయు స్త్రీ నడుమునకు ఒడి కట్టుకొని, తీసిన ప్రత్తినంతయు అందులో నింపి, రెండు చేతులతోను పని చేయును. బరువు ఒంటికి అంటియున్నచో బరువు కాదని ఆమెకు తెలియును. ఆమెయే బిడ్డను గట్టుమీది చెట్టుకొమ్మకు పాతచీర కట్టి అందులో ఊపును. ఇవన్నియు కూలివారి పద్ధతులు, సంచారజాతుల పద్ధతులు అని మధ్యతరగతి యిల్లాలు దూరముంచినది. బిడ్డను గుడ్డలో కట్టుకొని వీధిలోనికి వచ్చుట నామోషి. అదే గుడ్డ సముద్రము దాటి, పేరు మార్చుకొని, అందమైన పెట్టెలో వేల రూపాయల వెలతో వచ్చినపుడు నామోషి తొలగిపోయినది. తొలగుట మంచిదే. కాని అది ఎవరినుండి నేర్చినదో చెప్పుకొనుటయు న్యాయము. ఆన్ మూర్ అను అమెరికా నర్సు 1960ల మొదట ఆఫ్రికాలోని టోగో దేశమున పనిచేయుచు, అక్కడి తల్లులు బిడ్డలను గుడ్డతో కట్టుకొని తిరుగుట చూచెను. ఇంటికి వచ్చి తన బిడ్డకు అట్టిదే కుట్టించెను. 1969లో దానికి పేటెంటు పొందెను. జర్మనీలో ఎరికా హాఫ్‌మన్ అను తల్లి కవలపిల్లలను లాటిన్ అమెరికా శాలువతో కట్టుకొని తిరిగి, 1972లో అట్టి నేతగుడ్డల వ్యాపారము ప్రారంభించెను. ఆ గుడ్డ పొడవు నాలుగున్నర, ఐదు మీటర్లు. మన యారుగజముల చీర ఐదున్నర మీటర్లు. పెదకాకానికి పొరుగుననే మంగళగిరి మగ్గములున్నవి.

అయితే గుడ్డ మనదను ప్రీతితో దాని యపాయమును దాచరాదు. పసికందు గొంతునాళము మెత్తనిది, సన్ననిది. తల వంగి గడ్డము రొమ్మునకు అంటినచో ఆ నాళము ముడుచుకొనును; బిడ్డ ఏడ్వడు, పెనుగులాడడు, నిశ్శబ్దముగ ఊపిరి తగ్గును. సంచివలె లోతుగ వ్రేలాడు గుడ్డలో బిడ్డ విల్లువలె వంగి పరుండును. అదియే ప్రమాదకరమైన తీరు. 2010 మార్చిలో అమెరికా వినియోగదారుల వస్తుభద్రతా సంఘము నాలుగు నెలలలోపు శిశువుల విషయమున ప్రత్యేకముగ హెచ్చరించినది. నెలలు నిండక పుట్టినవారు, తక్కువ బరువువారు, జలుబు చేసినవారు మరింత జాగ్రత్తకు పాత్రులు. అట్టివారిని కట్టుకొనుటకు ముందు శిశువైద్యుని అడుగవలెను. బ్రిటనులో ఐదు సూత్రములు ప్రచారమున నున్నవి: గుడ్డ బిగుతుగ నుండుట, బిడ్డ ముఖము ఎల్లప్పుడు కంటికి కనబడుట, తల వంచినచో నుదుట ముద్దు పెట్టునంత చేరువ నుండుట, గడ్డము రొమ్మునకు అంటకుండుట, వీపునకు ఆసరా యుండుట. ముక్కునకు గుడ్డయు, కొంగును అడ్డుపడకూడదని వేరుగ చెప్పనక్కరలేదు.

నెలల లెక్క యిట్లుండును. మెడ నిలుచువరకు రొమ్మునకెదురుగ, నిటారుగ, తలకు చేతి యాసరాతో. మెడ నిలిచిన పిమ్మట చంకకు. కూర్చుండుట వచ్చిన పిమ్మట వీపునకు. పాతచీర వాడువారు దానిని వెలుతురునకెదురుగ పట్టి చూడవలెను. నేత పలుచబడిన చోట అది ఒకనాడు చిరుగును. పట్టుచీర, నైలాను చీర జారును గాన పనికిరావు. కట్టుట చదివి నేర్చునది కాదు, చేతినుండి చేతికి వచ్చునది. ఐదారు కిలోల బియ్యపుమూటను మంచముప్రక్క నిలిచి పలుమార్లు కట్టి, విప్పి, చేయి కుదిరిన పిమ్మటనే బిడ్డను కట్టుకొనవలెను.

ఎండ సంగతి గుడ్డకు ప్రతికూలమే. రెండు దేహముల వేడి ఒకటగును. మే నెలలో పగలు 40 డిగ్రీలు దాటు మన జిల్లాలో సూర్యుడు పైకి రాకముందే నడక ముగియవలెను. నడుమ నడుమ బిడ్డ మెడవెనుక చేయి పెట్టి చూడవలెను. బండివారు ఎండకు ఓర్వలేక బండిపై దుప్పటి కప్పుదురు. అది మరింత తప్పు. గాలి ఆడక లోపల ఆవిరిగూడై పోవును.

ఇక కుక్క. మహాప్రస్థానమున ధర్మరాజు వెంట కుక్క తనంత తాను నడచినది. ఆయన చేతిలో పట్టెడత్రాడు లేదు, చంకలో బిడ్డయు లేడు. మన మంత అదృష్టవంతులము కాము. బండి నడపువారు త్రాటిని బండిపిడికి ముడివేయుట తరచుగ చూచుచున్నాను. కుక్కతోక పట్టుకొని గోదావరి ఈదుట యని మనవారన్నది దీనికి చక్కగ సరిపోవును. ముంగిస యొక్కటి గట్టు దాటినచో చాలును, ముప్పది కిలోల కుక్క ఒక్క దూకుతో బండిని ప్రక్కకు పడద్రోయును. గుడ్డవారు అదే త్రాటిని నడుమునకు కట్టుకొందురు. అపుడు పడునది తల్లి, ఆమె క్రింద బిడ్డ. త్రాడు పొట్టిదై, చేతిలో పట్టుకొని, కావలసినపుడు విడువగలిగినట్లు ఉండవలెను. మణికట్టునకు చుట్టరాదు.

ప్రతి డొంక మొదటను నాలుగైదు వీధికుక్కలు తమ సరిహద్దు కాచుకొనియుండును. పెంపుడు కుక్కను చూడగనే అవి పైకి వచ్చును. ఈ సందర్భమున గుడ్డయే మేలు. బండిలోని బిడ్డ ముఖము సరిగ కుక్కమూతి యెత్తున నుండును. రొమ్మున కట్టిన బిడ్డ ఆ కలహమునకు పైన నుండును. తల్లి వెనుకకు తిరిగి నడిచిపోగలదు, బండి త్రిప్పుటకు చోటు వెదకనక్కరలేదు. పెంపుడు కుక్కకు రేబిస్ టీకా యేటేట తప్పరాదు. బిడ్డకు ఏ కుక్క గోరు గీరినను సబ్బుతో, పారు నీటితో పదునైదు నిమిషములు కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలెను. పసరు పూయుటకు నిలువరాదు.

ఇద్దరు పెద్దలు పోవునపుడు ఒకరికి బిడ్డ, ఒకరికి కుక్క. ఇదియే నా దృష్టిలో అన్నిటికంటె మంచి సాధనము, దీనికి వెలలేదు. ఒక్కరే పోవలసివచ్చి, కుక్క త్రాడు లాగు స్వభావము గలదైనచో, ఆ పూట బిడ్డ అమ్మమ్మ యొడిలో నుండుట మంచిది. కుక్క మాట వినునదైనచో, సిమెంటు బాటపై బండి, డొంకలో గుడ్డ. జూలై మొదలు కార్తికము వెళ్లువరకు డొంకలో బండి మాట తలపెట్టవలదు. మాఘ ఫాల్గుణములలో నేల గట్టిపడి గాడులు కొంత చదునైన దినములలో పెద్దచక్రముల బండి సుఖముగనే పోవును, అంతవరకు దానికి న్యాయము చేయవలెను.

అదే కాలమున మిరపకోత నడుచుచుండును. కళ్లములలో కాయ ఎండుచుండగా గాలిలోని కారమునకు పెద్దవారే తుమ్ముదురు. గాలి కళ్లమునుండి త్రోవమీదికి వీచుచున్నచో ఆ డొంక విడిచి మరియొక దారి పట్టవలెను. ప్రత్తిలోను, మిరపలోను మందు కొట్టిన దినమున ఆ గట్టు త్రొక్కరాదు. కుక్క గడ్డి కొరుకును, కాళ్లు నాకుకొనును. ఇల్లు చేరగనే దాని పాదముల నడుమ పల్లేరుకాయలు తీసి, కాళ్లు కడిగి, మన చేతులు సబ్బుతో కడిగికొనిన పిమ్మటనే బిడ్డ గుడ్డముడి విప్పవలెను. ఆ పని జరుగునంతసేపు బిడ్డను ఇంటిలో మరియొకరు ఎత్తుకొందురేని మరింత మేలు. విప్పిన గుడ్డను ఉతికి నీడలో ఆరవేయవలెను గాని, కాయ యెండు డాబామీద మాత్రము వేయరాదు.